ముడి వేయని మెదడు

విడవలూరు నుంచి కొడవలూరు పోయే దారిలో, సగం దూరం నడిచేసరికి పెంచలయ్యకు నేలమీద మెదడు కనిపించింది. సైకిలు ఒక పక్కన పడి ఉంది. మట్టి ఉండలు, చిక్కుపడిన దారాల మధ్య సైన్సు మాస్టారు ఆనందబాబు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏంది అయ్యోరా, బొమ్మల కొలువు బెట్టినావా?"

"కడుపులో బిడ్డ మెదడు నమూనా అయ్యా ఇది, సైకిలు పడి చెదిరిపోయింది! మధ్యాహ్నం కొడవలూరు బళ్ళో ఎగ్జిబిషన్‌కు ఇన్‌స్పెక్టరు గారొస్తారు. ఆయన మెచ్చితేనే నా ఉద్యోగం పర్మనెంటు."

పెంచలయ్య నలభై ఏళ్ళుగా వలలల్లే మనిషి. తెగిన కొస కంటబడితే అన్నం సయించదు. వాళ్ళ పాలెంలో ముడి మరిచినవాణ్ణి పెళ్ళిపందిట్లో కూడా ఆట పట్టిస్తారు. అడగకముందే మొలలోంచి వలసూది తీసి పాతిక ముడులు బిగించేశాడు.

"అయ్యయ్యో, ముడులొద్దు! ఈ ఉండలు నరాల కణాలు. కావలసినదానికంటే ఎక్కువే పుడతాయి. పుట్టినచోటు వదిలి, తమ తావుకు చేరి, తీగలు చాచి జంటను వెతుక్కుంటాయి. దొరకనివి చాలావరకు చచ్చిపోతాయి. శాస్త్రజ్ఞులు కోడిపిండాల్లో చూశారు."

"మా పిలకాయల సంబంధాల మాదిరే గదా. దొరికినాక?"

"దగ్గరికొచ్చి ఆగిపోతాయి. మధ్యలో సందు. సందులోంచే కబురు."

"ముడి లేకుంటే అదేం వలయ్యా? చేపలన్నీ జారిపోవూ?"

ఇది పాలెం వాళ్ళకే వచ్చిన అనుమానం కాదు. ఐరోపాలో ఇద్దరు మహాపండితులు, మెదడంతా ఒకే వల అని ఒకరు, కాదు విడివిడి కణాలని ఒకరు, ఒకే బహుమతి పంచుకుంటూ ఆ సభలోనే తగువులాడారు. పెంచలయ్య వాళ్ళకన్నా నయం. కాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. వేసిన ముడులన్నీ పళ్ళతో విప్పి, దారాల కొసల మధ్య వేలెడు సందు వదిలి, వల భుజాన వేసుకుని కొడవలూరు దాకా ఆ మెదడును చేతుల్లో మోశాడు.

ఎగ్జిబిషన్‌లో ఇన్‌స్పెక్టరు ఒక దారం లాగాడు. ఊడి చేతికొచ్చింది.

"ఏమిటయ్యా ఇది? పంచవర్ష ప్రణాళికల కాలంలో ఇంత వదులు మెదడా?"

ఆనందబాబు పెంచలయ్య వైపు చూడలేదు. "వలవాడు ముడులు మరిచాడు సార్. ఇప్పుడే వేయిస్తాను."

గుమ్మం దగ్గర, చూడ్డానికొచ్చిన పాలెం వాళ్ళు గొల్లుమన్నారు. "మన పెంచలయ్య ముడి మరిచినాడంటరోయ్!"

ఇన్‌స్పెక్టరు స్వయంగా ఒక ముడి వేసి చూపించాడు. జారుముడి. ఆనందబాబు చప్పట్లు కొట్టి, "పెంచలయ్యా, అట్లా వెయ్యి, అట్లా!" అన్నాడు.

పెంచలయ్య వలసూది మొలలో దోపుకున్నాడు. వల భుజానికెత్తుకుని, నవ్వుతున్నవాళ్ళను తోసుకుంటూ ఎండలోకి నడిచాడు.