నాన్నగారు బ్రాందీ ఎంచిన రోజు

మా నాన్నగారు నర్సీపట్నంలో ప్లీడరు. అంతకంటే ముఖ్యంగా, ఊళ్ళో మద్యపాన నిషేధ సంఘానికి అధ్యక్షులు. కోర్టులో ఆయన వాదనకు ఎవరు కరిగేవారో నాకు తెలియదు గాని, సంఘం మీటింగులో తాగుడు మీద మాట్లాడితే మాత్రం తాగి వచ్చినవాళ్ళు కూడా ఏడ్చేవారు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తిన్నగా మళ్ళీ దుకాణానికే పోయేవారనుకోండి, అది వేరే సంగతి. తాగినవాడి నోరు తెల్లవారి ఎలా ఉంటుందో, చేతులు ఎలా వణుకుతాయో ఈయనకింత వివరంగా ఎలా తెలుసని ఒక్కరికీ అనుమానం రాలేదు. ప్లీడర్లకు తెలియనిది ఉండదనుకునే రోజులవి.

నా పద్దెనిమిదో ఏట నాకు పెద్ద జ్వరం పట్టుకుంది. మన్యంలో దొరల మీద లేచిన పితూరీ అణిగిపోయి, దాని కోసం వచ్చి మా ఊళ్ళో మకాం వేసిన దొరలూ పోలీసులూ సామాను సర్దుకుని వెళ్ళిపోయిన మరుసటి వానాకాలం అది. మా ఆయన విజయనగరంలో చదువుకుంటున్నారు, నేను పుట్టింట్లో ఉన్నాను. జ్వరం వారాల తరబడి వదల్లేదు. జడెడు జుట్టూ దిండు మీదే రాలిపోయింది. ఒకరోజు పొద్దున్న ఒళ్ళు చూస్తే జ్వరం లేదు. అమ్మ సంతోషంతో దేవుడికి దండం పెట్టుకుని, వచ్చి నా అరికాళ్ళు ముట్టుకుంది. అవి చల్లగా ఉన్నాయి. చేతులూ చల్లగానే ఉన్నాయి. నుదుటి మీద చెమట పోస్తోంది.

హాస్పిటలు డాక్టరుగారు వచ్చి నాడి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. నాకు మాట పెగలడం లేదు గాని చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయి. మంచాన పడ్డ మనిషికి వినపడదనుకుని జనం ఆ మనిషి ముందే ఎంతెంత మాటలంటారో అప్పుడు తెలిసింది.

"గుండె అలిసిపోయిందండీ," అన్నారాయన నాన్నగారితో. "బ్రాందీ కావాలి. వేణ్ణీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా సాయంత్రం దాకా పట్టించాలి. హాస్పిటల్లో నిండుకుంది. ఇక్కడి దుకాణంలో దొరుకుతుంది గాని, ఒక్క మాట. దొరలు పారేసిపోయిన ఖాళీ సీసాలన్నీ ఆ దుకాణదారు కొన్నాడు. వాటిలో సారాయి నింపి బ్రాందీ అని అమ్ముతున్నాడు. బల్లలకు పూసే పాలిష్ స్పిరిటు కూడా కలుపుతున్నాడని వింటున్నాను. ఇప్పుడీ పిల్ల కడుపులో అలాంటిది పడితే గుండె నిలవదు. అసలైనదని రూఢిగా తెలిస్తేనే పట్టండి."

"అసలైందో కాదో మాకెలాగ తెలుస్తాదండీ?" అంది అమ్మ.

"అలవాటున్న వాళ్ళెవరి చేతనైనా రుచి చూపించండి," అని, నాన్నగారి మొహం చూసి నాలిక కరుచుకున్నారు డాక్టరుగారు. నాతవరంలో కలరా సోకిందట, బండి కట్టించుకుని వాకిట్లో మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన వెళ్ళిపోయారు.

సంఘం కార్యదర్శి అయిన స్కూలు మాస్టారు అప్పటికే కరపత్రాల పని మీద వచ్చి వరండాలో కూర్చున్నారు. సంగతి విని, అధ్యక్షులవారు దుకాణం గడప తొక్కకూడదు, నేను తెస్తానంటూ వానలోకి పరుగెత్తారు. తిరిగి వచ్చేసరికి మనిషి నిలువునా తడిసి ఉన్నాడు. చేతిలో గొడుగు ఉంది. సీసా ఎవరికంటా పడకుండా ఆ గొడుగులో దూర్చి, గొడుగు ముడిచి, దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని వచ్చారు పాపం. ఒంట్లో ఓపిక ఉంటే నవ్వి ఉందును.

సీసా నా మంచం పక్కన ముక్కాలిపీట మీద పెట్టారు. చీటీ మీద ఇంగ్లీషు అక్షరాలు దర్జాగా ఉన్నాయి. బిరడా చుట్టూ లక్క మాత్రం మరీ కొత్తగా మెరుస్తోంది.

"దుకాణదారు పిల్లల మీద ఒట్టేశాడండీ," అన్నారు మాస్టారు.

ఆ గదిలో నిలబడ్డ ముగ్గురూ పుట్టి బుద్ధెరిగి దాన్ని ముట్టనివాళ్ళు, లేదా అప్పటికి నేనలా అనుకున్నాను. పట్టిస్తే చంపేయవచ్చు, పట్టించకపోతే ఎలాగూ పోతాను. నా కాళ్ళలో చల్లదనం మోకాళ్ళ దాకా వచ్చింది. ఇంతకాలం మీటింగులు పెట్టి ఊళ్ళో తాగేవాళ్ళందరినీ దూరం చేసుకున్నారు కదా, ఇప్పుడు నా కోసం ఒక్క తాగుబోతైనా దొరకడా అని కోపం కూడా వచ్చింది. చచ్చేముందు కూడా నా నోరు, అంటే మనసులోని నోరు, ఊరుకోలేదు.

నాన్నగారు సీసా వైపు చెయ్యి చాపారు.

"మీరొద్దు," అంది అమ్మ.

అమ్మ ఆయనతో అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చటుక్కున ఉగ్గుగిన్నెలో కొంచెం వంపుకుని, మడి కట్టుకున్న మనిషి, తనే నోట్లో పోసుకుంది. దగ్గి, ఉక్కిరిబిక్కిరై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటి తెలుస్తాదండీ, అంతా మంటే," అని ఏడుపు మొదలెట్టింది. "నాకేటీ తెలీటం లేదు."

అప్పుడు నాన్నగారు ఆవిడ చేతిలోంచి గిన్నె తీసుకున్నారు. గభాల్న తాగేస్తారనుకున్నాను. కాదు. అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, దోసిట్లో మొహం పెట్టి మెల్లగా వాసన పీల్చారు. కాసేపాగి మళ్ళీ పీల్చారు. తరువాత వెలుతురుకు గిన్నె పట్టి వంచి, అంచుకు అది ఎలా అంటుకుని దిగుతుందో చూశారు. నాలుక కొస మీద కొంచెం వేసుకుని, నోరు మూసి, ఆ బుగ్గకూ ఈ బుగ్గకూ తిప్పి, ముక్కులోంచి గాలి వదిలారు. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాయి. కిటికీలోంచి ఉమ్మేశారు.

"సారాయి," అన్నారు. "బెల్లం మాడ్చి రంగు తెప్పించారు. ద్రాక్ష పండు ఛాయ కూడా లేదు. చివర్న గొంతు దగ్గర జిగటగా పట్టుకుంటోంది, ఆ పాలిష్ సరుకేదో ఇందులో ఉంది. పారబొయ్యండి."

మాస్టారి నోరు తెరుచుకునే ఉంది. ఆయన నాన్నగారి మాటలు వినడం లేదు, చేతుల వైపు చూస్తున్నారు. ఆ చేతులు చేసిన పని ఒక్కరోజులో వచ్చేది కాదని ఎంత అమాయకుడికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది.

మిగతాది అమ్మ తరువాత చెప్పింది. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు మేం విశాఖపట్నంలో ఉండేవాళ్ళమట. నాన్నగారికి ఒక జమీందారు పెద్ద క్లయింటు. ఆ బంగళాలో విందులకు విస్కీలూ బ్రాందీలూ ఎంచడం నాన్నగారి వంతు. ఏది పాతది, ఏది చవకరకాన్ని ఖరీదైన సీసాలో పోసింది, అడిగిన ధరకు తగునా తగదా, ఆయన ఒక్క గుక్కలో చెప్పేవారట. దొరలు కూడా ఆయన నాలుకకు జోహార్లనేవారట. ఎంచడం రోజూ తాగడమైంది. ఒక సాయంత్రం నన్నెత్తుకుని మేడమెట్లు దిగుతూ పడ్డారు. నా కనుబొమ మీద ఈ మచ్చ అప్పటిదే. ఆ వారమే అమ్మ సామాను కట్టించి ఆయన్ని ఆ ఊరి నుంచి లాక్కొచ్చింది. అప్పటి నుంచి ఆయన ఒక్క చుక్క ముట్టలేదు. అందుకని అమ్మ భయపడింది పరువు గురించి కాదు. ఆ నాలుకకు మళ్ళీ రుచి తగలకూడదని.

నాన్నగారు కోటు తొడుక్కున్నారు. "ఇంకొకరిని పంపితే లాభం లేదు. నేనే వెళ్తాను," అన్నారు. పట్టపగలు, బజారు వీధి మధ్యనుంచి, తల దించుకోకుండా వెళ్ళారు. మాస్టారు వెనకాలే వెళ్ళారు. అక్కడ జరిగింది ఆయన చెప్పిందే.

ఆ దుకాణం ముందు మా సంఘంవాళ్ళు పికెటింగు చేసి ఎన్నాళ్ళో కాలేదు. దుకాణదారు నాన్నగారిని చూసి బల్ల వెనక నుంచి లేవనైనా లేదట. "ఏటి ప్లీడరుబాబూ, తవరే వొచ్చేసేరు. మళ్ళీ భజనేటి?" అన్నాడట.

"మా అమ్మాయి పోయేట్టుంది. అసలు సరుకు తియ్యి," అన్నారట నాన్నగారు.

"నా కాడ ఉన్నదంతా అసలు సరుకే బాబూ. మీరే సూసి సెప్పండి." వాడు వరసగా సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సరుకు కోసం వచ్చిన జనం పక్కకు జరిగి, చోద్యం చూడటానికి నిలబడ్డారు. సంఘం అధ్యక్షులవారు అందరి ఎదటా గ్లాసు పుచ్చుకుని ముందొకటి వాసన చూసి పక్కన పెట్టేశారు. ఇంకొకటి నోట్లో తిప్పి ఉమ్మేసి, "ఇది ఒకప్పుడు బ్రాందీయే. సగం నీళ్ళు పోశావు, చచ్చిపోయింది," అన్నారు. దుకాణదారు మొహంలో వెటకారం తగ్గింది. లోపలికి వెళ్ళి, గోనె కింద దాచిన సీసా ఒకటి తెచ్చాడు.

"అది ఉమ్మలేదండీ," అన్నారు మాస్టారు అమ్మతో. "నోట్లో ఎంతోసేపు ఉంచుకున్నారు. గొంతు దిగితేగాని దీని సంగతి తెలియదని, మింగేశారు. ఇదే, అన్నారు. వాడడిగిన ధర దీనికి ఎక్కువ, అయినా ఇదే, అన్నారు."

అమ్మ గోడకు చేరబడి కిందికి జారి కూర్చుంది.

నాన్నగారే నా తల ఎత్తిపట్టి చెంచాతో పోశారు. ఆయన ఊపిరిలోనూ అదే వాసన ఉంది. నాలుక మీద మంట, ఆ మంట వెనక పండిన పండులాంటి తీపి, తరువాత రొమ్ములోకి వెచ్చదనం. సాయంత్రానికి నా వేళ్ళలోకి వేడి వచ్చింది. డాక్టరుగారు తిరిగివచ్చి నాడి చూసి, నవ్వి, ఇంక ఫరవాలేదన్నారు.

నేను బతికాను. భయం మాత్రం ఇంట్లోంచి పోలేదు. సగం పైగా మిగిలిన సీసా నా గదిలో అలమరలో ఉంది. డాక్టరుగారు ఇంకా కొన్నాళ్ళు ఇమ్మన్నారు. అమ్మ తన చాప తెచ్చి నా గది గుమ్మానికి అడ్డంగా వేసుకుంది. నాన్నగారు సంఘం పదవి వదిలేస్తూ మీటింగులో తనే అంతా చెప్పేశారట. నన్ను చూడటానికని తరచూ వచ్చేవారు. "ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు గాని, చూపు నా మీద ఉండేది కాదు. అన్నం సగంలో లేచిపోయేవారు. ఆయన పట్టుకున్న కాగితం వణకడం నేను చూశాను. నాకు జాలేసింది, ఒళ్ళు మండింది కూడా. నన్ను బతికించిన మనిషి నా కళ్ళ ముందే మునిగిపోతాడేమోనని ఆ సీసాలో మట్టం రోజూ చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం అమ్మ గుడికి బలిఘట్టం వెళ్ళింది. నాన్నగారు కోర్టు నుంచి పెందలాడే వచ్చేశారు. కోటు విప్పకుండానే నా గదిలోకి వచ్చి, అలమర తెరిచి, సీసా తీశారు. బిరడా మీద వేళ్ళు పెట్టి అలాగే నిలబడిపోయారు. నేను పిలవలేదు. పిలిస్తే ఏం చేస్తారోనని భయం, ఊరుకుంటే ఏం చేస్తారోనని భయం.

ఆయన వచ్చి సీసా నా ఒళ్ళో పెట్టారు.

"నువ్వు పారబొయ్యమ్మా. నా చేత కావటం లేదు."

"అమ్మ వచ్చాక..."

"అమ్మొద్దు. అమ్మ చేత ఒకప్పుడు ఆ పని చాలాసార్లు చేయించాను."

మంచం దిగి నేను సొంతంగా నడవడం అదే మొదలు. గోడ పట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. ఆయన వీధి వరండాలో, అటు తిరిగి కూర్చున్నారు. కాలవలో వంచుతుంటే ఆ పండు వాసన గుప్పుమంది. అడుగున కొంచెం ఉండగా చెయ్యి ఆపాను. జ్వరం మళ్ళీ తిరగబెడితే, ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళాల్సి వస్తే ఎలా అనిపించింది. బిరడా పెట్టేశాను.

"అమ్మా," అన్నారు నాన్నగారు వరండాలోంచి. "అది ఖాళీ అయిన చప్పుడు కాదు."

"మందుకని కొంచెం ఉంచాను నాన్నగారూ."

"నీకు మళ్ళీ జబ్బు చేస్తే మళ్ళీ వెళ్తాను, మళ్ళీ రుచి చూస్తాను. ఇంట్లో మాత్రం ఉంచకమ్మా."

మిగిలింది వంపేసి, మీద నీళ్ళు పోశాను. కాళ్ళు నిలవక అక్కడే కాలవగట్టున కూలబడ్డాను. రమ్మని పిలిచాను గాని నాన్నగారు రాలేదు. వాసన ఇంకా పోలేదమ్మా, అన్నారు. చీకటి పడకముందు అమ్మ వచ్చి నన్ను లేవదీసింది.