తొలి పూత దులిపిన ఏడు

ఆదిభట్లలో చిన్న షెడ్డు తీసుకుని విమానాల విడిభాగాలు చేస్తున్న మా మనుమడు మొన్న అన్నం కలుపుతూ కూర్చున్నాడే కానీ తినలేదు. నాలుగేళ్లయినా వాడి సరుకు ఏ పెద్ద కంపెనీ తీసుకోలేదు. అందాకా బతకడానికి బోరు మోటార్లు బాగుచేస్తున్నాడట. అది చెప్పడానికి సిగ్గు. "సిగ్గెందుకురా, ఎవరైనా గట్లనే బతికేది" అన్నాను. నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

మామ పోయాక, ఊరంతా వద్దంటుంటే, అత్త ఇబ్రహీంపట్నం చెరువు కింద బత్తాయి మొక్కలు పెట్టింది. ఆమె మొండితనం ముందు మా ఎద్దులు దిగదుడుపే. బత్తాయి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అందాకా వరసల నడుమ మిరప వేసి, అది అమ్ముకునే ఇంటిల్లిపాదీ తిన్నాం.

అవి రజాకార్ల రోజులు. దూరాన లారీ చప్పుడైతే పొయ్యిమీద కుండ వదిలేసి చేలల్లో దాక్కునేవాళ్లం. అలాంటి ఏడాదిలోనే మా చెట్లు తొలిసారి పూశాయి. ఆ వాసనకే మాకు సగం కడుపు నిండింది. అత్త మాత్రం దగ్గరుండి పూతంతా దులిపించింది. లేత చెట్టు కాపు మోస్తే ఇక ఎదగదని ఆమె నమ్మకం. మా నాన్న మండిపడ్డాడు.

"ఇంట్ల గింజ లేదు, నువ్వు పూత దులిపిస్తున్నవ్. పిచ్చి లేసిందా అక్కా?"

"నడుమ పంట కడుపుకు, చెట్టు రేపటికి. రెండూ కలిపినవో, రెండూ పోతయి" అంది అత్త.

నెల తిరగకుండానే లారీ మా గట్టు దగ్గరే ఆగింది. మగవాళ్లు కనిపిస్తే కట్టి తీసుకుపోతారని నాన్న జొన్నచేలోకి పరుగెత్తాడు. నేను అత్త చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. తుపాకులవాళ్లు చెట్టుచెట్టూ చూశారు. పిందెలుంటే కోతకు మళ్లీ వద్దామని వదిలేసేవాళ్లేమో! ఒక్క పిందె లేదు.

"కాయలేని తోటెందుకే?" అన్నాడు వాళ్ల నాయకుడు. "కొట్టుండ్రి, క్యాంపుకు కట్టెలైతయి."

గొడ్డలి మూల చెట్టుమీద పడింది. అత్త నా చెయ్యి వదిలి ముందుకు నడిచింది.

"పచ్చి కట్టె దొరా, పొగ తప్ప మంట రాదు. కళ్లంల మిర్పకాయలున్నయ్, పట్నంల మస్తు ధర. గవి తీస్కపోండ్రి."

ఎండబెట్టిన రాశి మొత్తం, మా ఏడాది తిండి, లారీ ఎక్కింది. చెట్లు మిగిలాయి. నాన్న తిరిగొచ్చి ఖాళీ కళ్లం చూసి ఏడ్చాడు.

ఆ ఎండాకాలమంతా పొరుగువాళ్లు పెట్టిన జొన్న గటక, చింతచిగురు. ఆకలికి నాకు అత్తమీద, ఆ చెట్లమీద పట్టరాని కోపం. తిట్టుకుంటూ పడుకునేదాన్ని, పొద్దున్నే లేచి వాటికే నీళ్లు మోసేదాన్ని. వానలు తగ్గుముఖం పడుతుండగా పోలీస్ యాక్షన్ వచ్చింది, రజాకార్ల లారీలు ఆగిపోయాయి.

మరో రెండేళ్లకు తోట విరగ కాసింది. కాయల బండి పట్నం బయలుదేరుతుంటే, "అదృష్టమంటే నీదే, చూస్తుండంగనే కాసింది" అన్నారు ఊరివాళ్లు. అత్త బండిమీది కాయలపై చెయ్యి ఉంచి అలాగే నిలబడిపోయింది. కాసిన ఏడు ఊరందరికీ గుర్తుంటుంది. కాయని ఏళ్లు, ఆకలితో వాటిని దాటినవాళ్లకే గుర్తుంటాయి.