బాబాయి నడుముకి కట్టిన కాయలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెలియనిదంటూ లేని మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనే మా బాబాయి. పొద్దున్నే అరుగెక్కి కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే మళ్లీ భోజనానికే లేచేవాడు. ఆ మధ్యలో వానలెందుకు వెనకబడ్డాయో, కొబ్బరికి తెగులెందుకు వచ్చిందో, ఎవరి పిల్లాడు పరీక్ష తప్పుతాడో అన్నీ తేల్చేసేవాడు. ఒక్కటీ నిజమైన పాపాన పోలేదు. అయినా ఆ గొంతు తగ్గేది కాదు. అలాంటి గొంతు వినబడగానే మెతక మనుషులు తల ఊపేస్తారు. మా నాన్న మరీ మెతక.

మాది రాజోలు వైపు లంక ఊరు. ఊళ్లో ఐదో తరగతి వరకే ఉండేది. ఆపైన చదవాలంటే నాటుపడవలో గోదావరి పాయ దాటి అవతలి గట్టున ఉన్న హైస్కూలుకి వెళ్లాలి. ఈత రాని పిల్లని పడవ ఎక్కించకూడదని మా ఇంట్లో కట్టుబాటు. వేసవి సెలవుల్లో నాకు ఈత రావాలి, రాకపోతే చదువు అక్కడితో సరి. ఇదేదో తాతల కాలం నాటి మాట కాదు, తొంభైల్లో సంగతే.

నాన్న నన్ను రేవుకి తీసుకెళ్లబోతుంటే బాబాయి అరుగు మీంచే అడ్డుపడ్డాడు. "ఎందుకొచ్చిన శ్రమ అన్నయ్యా! మనిషికి ప్రాణమే బరువు. అందుకే బతికున్నోడు ములుగుతాడు, శవం తేలుద్ది. ఆడపిల్లకి భయం కూడా తోడు. రాయిలా దిగిపోద్ది" అన్నాడు. నాన్న కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, తల ఊపి, తువ్వాలు మళ్లీ దండెం మీద వేసేశాడు.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నీళ్లంటే భయమేసి కాదు, బడి పోయిందని. మర్నాడు ఒక్కదాన్నే రేవులో మోకాలి లోతుకి దిగి చూశాను. ఒళ్లంతా బరువెక్కినట్టే అనిపించింది. ఆ చెత్త మాట అప్పటికే నా ఒంట్లో దూరిపోయింది.

ఇదంతా మా నాయనమ్మ చూసింది. ఆవిడకి కొడుకన్న మమకారం ఉంది గానీ, కొడుకు తెలివి మీద భ్రమ లేదు. అరుగు దగ్గరికి వచ్చి, "శవమైనా ముందు అడుక్కే పోద్దిరా, ఉబ్బేక తేలుద్ది. నువ్వు బతికుండగానే ఉబ్బేవు కదా, నీకేం భయం? రా, దిగి చూపించు" అంది. అరుగు మీదున్న నలుగురూ నవ్వారు. బాబాయికి దిగక తప్పలేదు.

మా వైపు ఈత నేర్పాలంటే లోపలి నీళ్లింకిపోయిన ఎండు కొబ్బరికాయలు రెండు, పైనున్న పీచు డొక్కతోనే జతకట్టి చంకల కింద పెడతారు. పసిపిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలిసిన సంగతే. బాబాయికి అది నామోషీ. బరువంతా నడుం దగ్గరుంటుంది కాబట్టి కాయలు అక్కడే కట్టాలని కొత్త శాస్త్రం చెప్పి, బొజ్జ చుట్టూ దండలా కట్టించుకున్నాడు. నాయనమ్మ వద్దనలేదు. పైగా ముడి గట్టిగా బిగించింది.

లోతులోకి వెళ్లి ముందుకు వాలాడో లేదో, కాయలు నడుముని పైకి లేపేశాయి. తల కిందికి పోయింది. ఇంత ఊరికీ సలహాలు చెప్పిన మనిషి పిర్రలు మాత్రం పైకి కనిపిస్తూ కాళ్లు తన్నుకున్నాడు. నాయనమ్మ చీర దోపుకుని దిగి, జుట్టు పట్టుకుని పైకి లాగింది. కక్కీ దగ్గీ ఆయన అన్న మొదటి మాట, "కాయలు పుచ్చిపోయినియ్యి" అని. మనిషి మునిగినా నోరు మునగలేదు.

నాయనమ్మ ఆయన వైపు మళ్లీ చూడనైనా లేదు. నన్ను పిలిచి, "చూసేవా అమ్మడూ? గాలి ఎక్కడుంటే అది పైకొస్తాది. ఆ కాయలో ఉన్నది గాలే, నీ గుండెలో ఉన్నదీ గాలే. నిండా పీల్చి వెల్లకిలా పడుకో. గేదె చూడు, ముక్కు ఒక్కటే పైన పెట్టి ఊరుకుంటాది. దానికి చేతులెత్తి అరవడం రాదు, అందుకే ములగదు" అంది. "ఆయ్" అన్నాను భయంభయంగా. వీపు కింద ఆవిడ చెయ్యి ఉందనుకునే పడుకున్నాను. ఆ చెయ్యి ఎప్పుడో తీసేసిందని పక్కకి చూస్తే గానీ తెలియలేదు. నేను తేలుతున్నాను. అంత సంతోషం మళ్లీ ఎన్నడూ పడలేదు.

సెలవులయ్యేలోగా ఈతా వచ్చేసింది, బడులు తెరిచిన రోజున పడవెక్కాను. నాకు ఈత నేర్పింది తనేనని బాబాయి ఊరంతా చెప్పుకున్నాడు. ఆ పక్కనే కూర్చుని మా నాన్న తల ఊపాడు.

వయసొచ్చాక ఆలోచిస్తే బాబాయి మీద నాకు నవ్వే మిగిలింది. వాగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నా చదువుని ముంచబోయింది మాత్రం ఆయన మాట కాదు, దానికి నాన్న ఊపిన తల. ఆ తలూపుడు మీద అసహ్యం ఇంతవరకూ పోలేదు. నలుగురూ చేరి ఔనౌనంటున్న చోట నా మెడ ఇప్పటికీ కదలదు. పొగరంటారు. అననీ.