ఇరవై డిగ్రీల గది

మా ఐటీఐకి అంతరిక్ష పరిశ్రమ మొదట ఫ్లెక్సీగా వచ్చింది. గేటుకి అడ్డంగా కట్టారు. ఒక పక్క నిప్పులు కక్కుతూ లేస్తున్న రాకెట్, ఇంకో పక్క నవ్వుతున్న మా ప్రిన్సిపాల్. కొండ గాలికి రెండో రోజే ఒక తాడు తెగి రాకెట్ తలకిందులైంది. ఎవరూ సరిచెయ్యలేదు.

పదకొండేళ్లుగా నేనక్కడ ఫిట్టర్ ట్రేడ్ చెబుతున్నాను. అరకు నుంచి సర్వీసు జీపులో ఇంకో ముప్పావు గంట కొండల్లోకి వెళ్తే వస్తుంది ఐటీఐ ఉన్న ఊరు. మా సొంతూరు సాలూరు. నాన్న లారీల షెడ్డులో పని చేసేవాడు. ఆకురాయి పట్టడం నాకు ఆయనే నేర్పాడు. ఇనుప ముక్కని బెంచ్ వైస్‌లో బిగించి, ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీసి, కొలతకి తీసుకురావడం. ఫిట్టర్ పనిలో సగం ఇదే. మిగతా సగం, ఎంత అరిగిందో అబద్ధం చెప్పుకోకుండా కొలవడం.

కింద, సముద్రం వైపు, రాకెట్లకీ విమానాలకీ భాగాలు చేసే చిన్న కంపెనీలు వస్తున్నాయట. వాటికి మనుషులు కావాలట. కాబట్టి ఏజెన్సీ పిల్లలకి ఆరు నెలల ఏరోస్పేస్ ఫిట్టర్ కోర్సు పెట్టమని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు వెనకాలే ఒక సీఎన్‌సీ మెషీన్ కూడా వచ్చింది. కంప్యూటర్ చెప్పినట్టు తనంతట తానే లోహాన్ని కోసే మెషీన్. మంచి మెషీన్, దాన్ని నేనేమీ అనను. అది ఘాట్ రోడ్డెక్కి రావడానికి రెండు రోజులు పట్టింది. మా గేటులో పట్టకపోతే గోడ పగలగొట్టి లోపల పెట్టారు. పెట్టాక తెలిసింది, దానికి త్రీ ఫేజ్ కరెంటు కావాలని. మా దగ్గరున్నది సింగిల్ ఫేజ్. అది కూడా వానొస్తే ఉండదు.

కరెంటాఫీసు వాళ్లు ప్రిన్సిపాల్ లెటర్ కావాలన్నారు. లెటర్ ఇస్తే పై ఆఫీసు లెటర్ కావాలన్నారు. పై ఆఫీసుని అడిగితే, మెషీన్ ఇన్‌స్టాల్ అయినట్టు సర్టిఫికెట్ పంపితే లెటర్ ఇస్తామన్నారు. కరెంటు లేకుండా ఇన్‌స్టాల్ ఎలా అవుతుందండీ అని నేను ఫోన్లో అడిగాను. అవతలి గుమాస్తా చాలా మర్యాదగా, "అది టెక్నికల్ విషయం మేడం, మీకే తెలియాలి" అన్నాడు. మెషీన్ మీద టార్పాలిన్ కప్పేశాం. ఎవరైనా అధికారి వస్తే టార్పాలిన్ తీసి, ఫొటో అయ్యాక మళ్లీ కప్పేవాళ్లం. పిల్లలకి ఈ పని బాగా అలవాటైపోయింది.

కోర్సులో చేరింది పద్నాలుగు మంది. మెషీన్ లేదు కాబట్టి నేను నా పద్ధతిలో ఆకురాయి పట్టించాను. అందరిలోకీ చెయ్యి నిలకడగా ఉన్నది ఒక గుంటది. పైన కొండ మీద కాఫీ తోట చేసుకునే ఇంటి పిల్ల. మాట తక్కువ. ఏదైనా అడిగితే ముందు నేలకేసి చూసి, తర్వాత చెబుతుంది.

మూడో నెలలో కింది కంపెనీ నుంచి ఒక క్వాలిటీ ఇంజనీర్ వచ్చాడు. కుర్రవాడే. టార్పాలిన్ తీయించి చూసి, ఫొటో తీసుకోకుండా తానే కప్పేశాడు. ఆ ఒక్క పనితో అతనంటే నాకు గౌరవం కలిగింది.

"మెషీన్ మీద చేసేవాళ్లు మాకు దొరుకుతున్నారండీ. ఆ తర్వాత చేత్తో సాపు చేసి, సరిగ్గా కొలిచేవాళ్లే దొరకట్లేదు" అన్నాడు.

కొన్ని అల్యూమినియం ముక్కలు, ఒక డ్రాయింగ్ ఇచ్చి వెళ్లాడు. ముక్క పొడవు వంద మిల్లీమీటర్లు రావాలి. అటూ ఇటూ వెంట్రుక మందంలో మూడో వంతు కంటే తేడా ఉండకూడదు. పన్నెండు చేసి పంపితే, నచ్చితే మనుషుల్ని తీసుకుంటామన్నాడు.

మూడు వారాలు అదే పని. మంచి చలికాలం. వర్క్‌షాపు కిటికీలకి సగం అద్దాలు లేవు. పొద్దున్నే వచ్చి నోటి ఆవిరితో చేతులు వెచ్చబెట్టుకుని, మైక్రోమీటర్ దవడల మధ్య ముక్కని బిగించి కొలతలు తీసేవాళ్లం. సరిపోయినవి పక్కన పెట్టేవాళ్లం. ఆ గుంటది రెండుసార్లు నా దగ్గరికొచ్చింది.

"మేడం, పొద్దుట ఒకలాగుంది, మద్దేనం ఒకలాగుంది. అదే ముక్క."

"పొద్దున గట్టిగా బిగిస్తున్నావు మైక్రోమీటర్‌ని. చలికి నీ చెయ్యి వణుకుతోంది" అన్నాను.

"వణకట్లేదు మేడం."

"అయితే కళ్లు చూపించుకో."

అలా అన్నాను. రాసేటప్పుడు దాచడం ఎందుకు. ఆ రోజు పొద్దుటే కరెంటాఫీసుకి ఆరోసారి వెళ్లి వచ్చాను, ఆ చిరాకు ఆ పిల్ల మీద పడింది. అది నేలకేసి చూసి వెళ్లిపోయింది.

పన్నెండు ముక్కల్నీ గుడ్డలో చుట్టి పంపాం. నాలుగో రోజు ఇంజనీర్ నుంచి మెసేజ్. తొమ్మిది పనికిరావు, అన్నీ పొడవెక్కువ ఉన్నాయి అని. ప్రిన్సిపాల్ ఆ మెసేజ్‌ని పిల్లలందరి ముందూ పైకి చదివాడు. చదివి, "ఏజెన్సీ పిల్లలతో రాకెట్లంటే ఇలాగే ఉంటుంది మేడం. మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాననుకున్నాడు. పద్నాలుగు మొహాలూ ఎదురుగానే ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ తొమ్మిది ముక్కలు తప్పని మెసేజ్ ఆయన చేతిలో ఉంది.

సాయంత్రం బెంచీలు సర్దుతుంటే ఆ గుంటది నోట్‌బుక్ తెచ్చి వెనక పేజీ తెరిచి నా ముందు పెట్టింది. మూడు వారాల కొలతలు. తేదీ, టైము, కొలత. పొద్దున ఎనిమిదికి వంద. మధ్యాహ్నం రెండుకి వంద దాటి కొంచెం. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఒక తేదీ పక్కన మాత్రం కొలత లేదు. మేడం తిట్టినారు, అని రాసి ఉంది.

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ప్రతి ఏడాదీ మొదటి వారంలో నేనే బోర్డు మీద రాయించే వాక్యం ఒకటుంది. ఖచ్చితమైన కొలతలు ఇరవై డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద తీయవలెను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, నేను మార్కులు వేస్తాను. పదకొండేళ్లలో ఒక్కసారీ ఆ వాక్యం గురించి ఆలోచించలేదు. చలికి ఉక్కు ముడుచుకుంటుంది. అల్యూమినియం దానికి రెట్టింపు ముడుచుకుంటుంది. మేం గడ్డకట్టే పొద్దుట్లో ఉక్కు మైక్రోమీటర్‌తో సరిగ్గా ఉందని మురిసిన ముక్క, కింద వాళ్ల కొలతల గదిలో వెచ్చబడి సాగింది.

"నువ్వు చెప్పింది నిజమేనే. తప్పు నాది" అన్నాను.

"మరేటి సేద్దాం?" అంది. దానికి అంతే కావాలి.

ఇరవై డిగ్రీల గది కావాలి. మొత్తం ఐటీఐలో తలుపు సరిగ్గా పడేది, అద్దాలు పగలనిది, హీటర్ ఉన్నది ఒకటే గది. ప్రిన్సిపాల్ గది. ఆ హీటర్ అధికారుల కోసం కొన్నారు. నేను వెళ్లి అడిగాను. ఆయన రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. అది చదివి, "నా టేబుల్ మీద అల్యూమినియం పొడి రాలితే ఎలా మేడం? పైగా హీటర్ స్టాక్ రిజిస్టర్‌లో ఆఫీసు సామానుగా ఉంది, వర్క్‌షాపు సామానుగా లేదు" అన్నాడు.

"సార్, హీటర్ ఎక్కడికీ రాదు. ముక్కలే మీ గదికొస్తాయి" అన్నాను.

నాలుగు రోజులు ఆలోచించి పదకొండు నుంచి రెండు వరకు ఒప్పుకున్నాడు. గదిలో ఎంత వేడుందో చూడ్డానికి మా దగ్గర ఏమీ లేదు. పక్కనున్న ఆరోగ్య కేంద్రం నర్సు, టీకాల ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటర్ ఒకటి అదనంగా ఉంటే ఇచ్చింది. ఏ లెటరూ అడగలేదు.

ముక్కల్ని ఆయన బల్ల మీద రెండు గంటలు ఊరికే ఉంచేవాళ్లం. హీటర్ వేస్తూ ఆపుతూ, ఆ గుంటది థర్మామీటర్ దగ్గరే కూర్చునేది. చేతి వేడి తగలకుండా గుడ్డ తొడుగులేసుకుని కొలిచేది. ప్రిన్సిపాల్ టీ గ్లాసు మీద కాగితం మూతపెట్టుకుని మా వంక చూస్తూ ఉండేవాడు. ఒకరోజు తనే లేచి వచ్చి, "ఇప్పుడెంతుందమ్మా?" అని అడిగాడు. ఆ తర్వాత నుంచి మేం అడక్కుండానే పదిన్నరకి హీటర్ వేసి ఉంచేవాడు. ఆయన మీద పూర్తిగా కోపం పెట్టుకోవడానికి కూడా కుదరనివ్వలేదు.

రెండోసారి పన్నెండు పంపితే పదకొండు బాగున్నాయన్నారు. కంపెనీ నలుగురిని తీసుకుంటానంది, ఈ గుంటది మొదటి పేరు. అప్పుడు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సీఎన్‌సీ మెషీన్ మీద నిర్ణీత గంటలు పని చెయ్యనందున ఈ బ్యాచ్‌లో ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వడానికి వీలు కాదు. నేను ఆ కాగితం మూడుసార్లు చదివాను. కరెంటు ఇవ్వనిది వాళ్లు, గంటలు లేవంటున్నది వాళ్లు. జవాబుగా రెండు పేజీలు రాశాను. చింపేసి నాలుగు లైన్లు రాశాను. దానికీ ఈ రోజు వరకు సమాధానం రాలేదు. ఇంజనీర్ మాత్రం, "నాకు ముక్కలు చాలండీ, పంపించెయ్యండి" అన్నాడు. నలుగురూ కాగితం లేకుండానే వెళ్లి చేరారు. ఆ మరుసటి నెల జిల్లా మీటింగులో ఆ నలుగురినీ మా కోర్సు విజయంగా స్క్రీన్ మీద చూపించారు. నేను వెనక వరసలో కూర్చుని చూశాను. చప్పట్లు కొట్టలేదు. కొట్టకపోయినా ఎవరూ గమనించలేదు.

రెండు నెలలకి ఆ గుంటదాని అమ్మ వచ్చింది. సంతకెళ్తూ జీపు దిగి, సంచీలో రాజ్మా గింజలు తెచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా గుంట ఏటి సేత్తంది మేడం అక్కడ? ఫోన్లో సెప్తాది గానీ నాకు తెలవదు."

చిన్న చిన్న ముక్కల్ని సాపు చేసి, సరిగ్గా ఉన్నాయో లేదో కొలుస్తుందని చెప్పాను. ఆ ముక్కలు రాకెట్‌లో బిగిస్తారని చెప్పాను.

"మీదకెళ్లిపోతాదేటి అది?"

"వెళ్లిపోతుంది."

"మళ్లీ కిందకి రాదా?"

"రాదమ్మా."

ఆమె సంచీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "మరైతే బాగా సేసిందో లేదో ఎలగ తెలుస్తాది?"

పదకొండేళ్లలో నన్ను ఏ ఇన్‌స్పెక్షన్ అధికారీ ఆ ప్రశ్న అడగలేదు. "చెడిపోతే తెలుస్తుంది. బాగుంటే ఎవరూ ఏమీ అనరు" అన్నాను.

"నా గుంటకి అది అలవాటే" అంది ఆమె. కింద జీపువాడు హారన్ కొట్టాడు. గింజలు నా బల్ల మీద పోసి, ఖాళీ సంచీ మడుచుకుని, బేగి వెళ్లాలని దిగిపోయింది.