బి.ఏ. షరతులూ, మా అక్కయ్యా

అక్కయ్య పోయిందన్న కబురు నాకు బడిలో ఉండగా తెలిసింది. ఏలూరులో నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడికి మా ముసలి పాలేరు పొద్దున్న బస్సుకి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. "పెద్దమ్మగారు వెళ్లిపోయారమ్మా. నాలుగు రోజులే జొరం" అన్నాడు. ఎక్కడికి అని అడగబోయి ఆగాను. నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. వంటింట్లో ఎవరో బంధువులావిడ పొయ్యి ముందు కూర్చుని, ఉప్పు జాడీ ఎక్కడుందమ్మా అని నన్నడిగింది. నాకు తెలియలేదు. గత నాలుగేళ్లుగా అక్కయ్య నన్ను ఆ వంటింటి పనికి రానివ్వలేదు. జాడీ చోటు మారిందని కూడా నాకు తెలియదు.

ఆవిడ నా తోడబుట్టినది కాదు. మా వారి అన్నగారి భార్య. ఆగిరిపల్లికి ఇవతల మామిడితోటల మధ్య ఉన్న ఊరు మాది. నేను కాపరానికి వెళ్లేనాటికి ఆవిడ ఆ ఇంటికి వచ్చి ఎనిమిదేళ్లయింది. మా వారు పోయాక, పిల్లలు లేని నన్ను పుట్టింటికి పంపితే బాగుంటుందేమోనని పెద్దల్లో మాట వచ్చింది. "ఎక్కడికీ పోదు. అది పోతే నేనెవరితో మాట్లాడను, గోడలతోనా?" అందట అక్కయ్య. నాతో మాత్రం ఆ సంగతి ఎన్నడూ అనలేదు.

పెళ్లికి ముందు నేను బందరులో ఇంటర్మీడియట్ ప్యాసయ్యాను. బి.ఏ. కూడా అయితే ఎక్కడైనా బడిలో పని దొరుకుతుంది, ఒకరి మీద ఆధారపడి ఉండనక్కర్లేదు అనుకున్నాను. ఆడవాళ్లు కాలేజీలో హాజరు లేకపోయినా ప్రైవేటుగా పరీక్షకు కూర్చోవచ్చని తెలిసి, యూనివర్సిటీ వారి నియమాల కాగితం తెప్పించాను. దాన్ని మొదట అక్కయ్యకే చదివి వినిపించాను. వినేవాళ్లు వేరే ఎవరూ లేరు మరి. మొదటి భాగం ఇంగ్లీషు, రెండో భాగం తెలుగు, మూడో భాగం చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి. భాగాలు విడివిడిగా ప్యాసు కావచ్చు గానీ మూడూ అయితేనే పట్టా. దరఖాస్తులో పేరు పాత సర్టిఫికెట్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. నేను నేనేనని ఒక పెద్ద ఉద్యోగి సంతకం చెయ్యాలి.

"నువ్వు నువ్వేనని ఆయనకెట్లా తెలుసే?" అంది అక్కయ్య.

"తెలియదక్కయ్యా. సంతకం చేస్తారంతే."

"నన్నడిగితే చెప్పేదాన్నిగా!"

ఆ మర్నాటి నుంచి నన్ను పొయ్యి దగ్గరికి రావద్దంది. నేను గట్టిగా కాదన్నానా? ఒకటి రెండుసార్లు అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే, మూడోసారి అనకుండా ఉండటానికే ఆ రెండుసార్లు అన్నానేమో అనిపిస్తుంది.

మూడు భాగాలకూ ఆవిడ పేర్లు పెట్టింది. ఇంగ్లీషు దొరగారు. తెలుగు పుట్టిల్లు. మూడో భాగం బావగారు. నాకు మొదటి రెండూ తేలిగ్గానే అయిపోయాయి. "దొరగారు వెళ్లారు, పుట్టిల్లు దాటింది, ఇక బావగారొక్కరే మన మీద కూర్చున్నారు" అనేది, అసలు బావగారు వసారాలో భోంచేస్తూ ఉండగానే. ఆయన తలెత్తి చూసేవారు. "మజ్జిగ కావాలా?" అని అడిగేది ఏమీ ఎరగనట్టు.

ఆవిడకు చదవడం రాదు. పుస్తకం ముట్టుకునే ముందు మాత్రం చేతులు రెండుసార్లు తుడుచుకునేది. నేను పైకి చదువుతుంటే ఎడమ మోకాలు పైకి పెట్టుకుని కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. చేతిలో రాయి పక్కన పడేస్తూ పడేస్తూ ఆగిందంటే, అడగబోతోందని అర్థం. ఒకరోజు రాజ్యమంటే ఏమిటో చదువుతున్నాను. రాజ్యానికి నాలుగు ఉండాలి, భూమి, జనం, ప్రభుత్వం, ఎవరి మాటా వినక్కర్లేని అధికారం.

చేయి ఆగింది. "మనింట్లో నాలుగూ ఉన్నాయే" అంది. "తోటలున్నాయి, జనం ఉన్నారు, మీ బావగారున్నారు, ఆయన ఎవరి మాటా వినరు. మరి మనమిద్దరం ఇందులో దేని కిందికొస్తామే? జనమా, భూమా?"

నేను నవ్వాను. పేజీ వెనక్కి తిప్పి చూశాను. ఆ పుస్తకంలో దానికి జవాబు లేదు.

మూడో భాగం మొదటిసారి తప్పాను. జూన్‌లో పేపరులో నంబర్లు పడ్డాయి. అప్పుడు మా పెరట్లో తాండ్ర పోస్తున్నారు. రసాల గుజ్జు చాపల మీద పలచగా పొరలు పొరలుగా పోసి ఎండబెట్టాలి. అక్కయ్య మోచేతుల దాకా పసుపు రంగు రసం. నా మొహం చూసి, "నీ నంబరు లేదా?" అంది. లేదన్నాను. నేను బిందెలో ఉన్న గుజ్జు తీసి పోయబోతే చెయ్యి పట్టుకుంది. "ఆగు. ముందు పోసింది ఆరకుండా పైన పొయ్యకూడదు. అంతా జారిపోతుంది. ఆరనీ" అంది. ఆవిడ తాండ్ర గురించే అంది. నేనే దాన్ని ఇన్నాళ్లూ వేరే అర్థంలో మోసుకు తిరిగాను.

నేను తప్పడానికి కారణం ఆవిడకు చెప్పాను. ప్రశ్న పాత చట్టం మీద అడిగారు. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, ఢిల్లీలో కొత్త రాజ్యాంగం రాస్తున్నారు, నేను ఆ ఉత్సాహంలో రాబోయేదాన్ని గురించి రాసి వచ్చాను.

"వాళ్లు పోయారుగా. వాళ్ల చట్టం ఇంకా ఎందుకే చదవడం?"

"కొత్తది వచ్చేదాకా పాతదే నడుస్తుందక్కయ్యా. పరీక్షలోనూ అంతే."

"కొత్త కోడలు వచ్చేదాకా పాత కోడలే వండాలన్నట్టు" అని, "సరే, నువ్వు పాతదే చదువు. కొత్తది వచ్చినప్పుడు చూసుకుందాం" అంది.

రెండోసారి చదవడానికి బావగారి అనుమతి కావాలి. ఆయన చెడ్డవారు కారు. ఎక్కువ మాట్లాడరు, అంతే. కానీ నేను పరీక్షకని బెజవాడ వెళ్లి చుట్టాలింట్లో రోజుల తరబడి ఉండటం ఆయనకు ఇష్టం లేదు. అక్కయ్య ఏం చెప్పిందో తెలియదు. ఒకనాడు ఆయన నా వైపు చూడకుండా, "ఇదొక్కసారికి కానీమ్మా" అన్నారు. ఆ ఒక్కసారి అన్న మాట పట్టుకుని నేను ఇంట్లో పిల్లిలా తిరిగాను.

ఆ రోజుల్లోనే ఓటు గురించి చదువుతున్నాను. కొత్త రాజ్యాంగంలో ఓటుకు ఏమేం కావాలంటున్నారో అక్కయ్య అడిగింది. ఇరవై ఒక్కేళ్లు నిండాలి, మతి స్థిమితంగా ఉండాలి, ఈ ఊళ్లో ఉంటూ ఉండాలి, ఇంచుమించు అంతే అన్నాను.

"చదువక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"పొలం ఉండక్కర్లేదా? మగాళ్లయి ఉండక్కర్లేదా?"

"అవేవీ అక్కర్లేదక్కయ్యా."

"ఓసి! నీ బి.ఏ.కి ఉన్నన్ని షరతులు లేవే దీనికి" అంది. ఆ సాయంత్రమంతా ఆవిడ మొహంలో ఏదో వెలుగు. అన్ని అర్హతలూ అప్పటికే చేతిలో ఉన్న పరీక్ష జీవితంలో మొదటిసారి ఎదురైంది కదా.

వారం తిరక్కుండా ఓటర్ల జాబితా రాసుకునే గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. బావగారు అరుగు మీద కూర్చుని చెబుతున్నారు. మేమిద్దరం తలుపు వెనక ఉన్నాం.

"ఆడవాళ్ల పేర్లు కూడా రాయాలటండీ" అన్నాడు గుమాస్తా.

"మా ఇంటావిడ ఉంది. మా తమ్ముడి భార్య ఉంది."

"పేర్లండీ?"

"పేర్లెందుకయ్యా? నా భార్యెవరో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. అట్లాగే రాసుకో."

గుమాస్తా అట్లాగే రాసుకున్నాడు. ఫలానా వారి భార్య. కీర్తిశేషులు ఫలానా వారి భార్య. అక్కయ్య చేతిలో చేట ఉంది. బయటికి చూడలేదు, నా వైపు చూసింది. ఏదో అడిగినట్టు కాదు. నువ్వున్నావుగా అన్నట్టు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. నేను కళ్లు దించుకున్నాను.

ఆ ఏప్రిల్‌లో బెజవాడలో పరీక్ష రాశాను. ఓటు హక్కు మీద ప్రశ్న వచ్చింది. చాలా బాగా రాశాను. ప్యాసయ్యాను. పేపరులో నా నంబరు చూపిస్తే అక్కయ్య తన వేలు దాని మీద పెట్టి, ఇదేనా అని మూడుసార్లు అడిగింది. "బావగారు కూడా దాటారే!" అని చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

కాయ సీజను ఇంకా అయిపోలేదు, గుమాస్తా మళ్లీ వచ్చాడు. సొంత పేరు చెప్పని ఆడవాళ్లను జాబితాలోంచి తీసేస్తారట. అరుగు ముందు బళ్లు, తోట పనివాళ్లు, నూజివీడు నుంచి వచ్చిన వర్తకులు. బావగారు ఏదో అనబోయేలోగా అక్కయ్య గడప దాటి బయటికి వచ్చింది. చేతులు రెండుసార్లు తుడుచుకుంది.

"రాసుకో నాయనా" అని తన పేరు చెప్పింది. అందరికీ వినబడేట్టు చెప్పింది. తర్వాత, "లోపలున్న దాని పేరు" అని నాదీ చెప్పి, "పక్కన బి.ఏ. అని కూడా వెయ్యి" అంది.

"దానికి ఇందులో గడి లేదండీ" అన్నాడు గుమాస్తా.

"లేకపోతే గీసుకో. చేతిలో కలం ఉందిగా?"

వర్తకుడొకడు పకపకా నవ్వాడు. బావగారు నవ్వలేదు, కోప్పడలేదు. "ఎండెక్కుతోంది, బళ్లు కట్టండి" అని లేచి వెళ్లారు.

ఆ పూట అక్కయ్య అడిగింది, కోపంగా కాదు. "గుమాస్తా మొదటిసారి వచ్చినప్పుడు మన పేర్లు నువ్వెందుకు చెప్పలేదే?"

"బావగారేమంటారోనని భయపడ్డానక్కయ్యా. మళ్లీ పరీక్షకు పంపరేమోనని."

అది నిజమే. కానీ పూర్తి నిజం కాదు. ఇన్నాళ్లకు ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు నేను ధైర్యం చేసి నోరు తెరిచినా చెప్పగలిగేదాన్ని కాదు. నాకు ఆవిడ పేరు తెలియదు. ఏ పెళ్లిలోనో, ఏ శుభలేఖలోనో ఒకసారి విని, చూసి ఉంటాను. నిలవలేదు. ఇంట్లో పెద్దకోడలు, పనివాళ్లకు పెద్దమ్మగారు, నాకు అక్కయ్య. రాజ్యానికి ఏవి నాలుగు కావాలో, పట్టాకు ఏవి మూడు కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ పొయ్యి ముందు కూర్చుని ఇరవై ఏళ్లకు పైగా నాకు వండిపెట్టిన మనిషి పేరు మాత్రం నాకు అక్కర్లేకపోయింది.

నా జవాబు విని అక్కయ్య బియ్యం చేట అందుకుంది. తర్వాత, "పోనీలే. ఇప్పుడు విన్నావుగా" అంది. ఆవిడకు తెలుసా? తెలిసే అలా అందా, లేక మామూలుగా అందా? ఎన్నిసార్లు ఆలోచించినా తేల్చుకోలేను. అడగాల్సిన మనిషి ఇప్పుడు లేదు.

ఉద్యోగం వచ్చి నేను ఏలూరు వచ్చేశాను. ఇక్కడ అద్దె గదిలో నా వంట నేనే చేసుకుంటాను. చదువుతూ చదువుతూ తలెత్తితే ఎదుట బియ్యం ఏరే చేయి ఉండదు. ఒకరి మీద ఆధారపడి ఉండనక్కర్లేదనుకున్నది ఇదేనా అనిపిస్తుంది.

ఆవిడ పేరు ఈ వ్యాసంలో రాయడం లేదు. చదువరులు మన్నించాలి. అది ఆవిడ తన నోటితో చెప్పుకున్న పేరు. నేను చెబితే మళ్లీ ఇంకొకరు చెప్పినట్టే అవుతుంది.

పదకొండో రోజు అయ్యాక బావగారు ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టారు. ఓటర్ల జాబితా అచ్చయి మా ఊరి బడి గోడకు అంటించారట. పోయినవాళ్ల సంగతి ఇంటివాళ్లు రాసిస్తే తీసేస్తారని మునసబు చెప్పాడట. "నువ్వు చదువుకున్నదానివి. రాసిపెట్టమ్మా" అన్నారు. రాశాను. ఎక్కడా తప్పు లేకుండా, ఏది ముందు రాయాలో అది ముందు రాసి, తేదీ వేసి ఇచ్చాను. ఆవిడ పేరు నా చేత్తో రాయడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే బస్సు కోసం వెళ్తుంటే, బడి దగ్గర బావగారు కనిపించారు. గొడుగు చంకలో పెట్టుకుని గోడ ముందు ఒక్కరే నిలబడి ఉన్నారు. నేను రాసిచ్చిన కాగితం మడత విప్పకుండా ఎడమ చేతిలో ఉంది. కుడి చేతి వేలు గోడ మీద ఒక వరుస దగ్గర ఆగి ఉంది. పెదవులు కదులుతున్నాయి. నేను పిలవలేదు. బస్సు వచ్చింది, ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు టిక్కెట్లన్నీ కొట్టేదాకా బస్సు అక్కడే ఆగింది. అంతసేపూ ఆయన వేలు ఆ వరుస మీంచి తియ్యలేదు.