యాజక వస్త్రాలూ, మా నాన్న తెల్లచొక్కా

కిందటి నెల ఆమదాలవలసలో నా పాత విద్యార్థి ఒకడి తల్లి చనిపోతే భూస్థాపనకి వెళ్ళాను. వాళ్ళు కతోలికులు. సమాధి పక్కన ఒక కుర్ర ఫాదరు ప్లాస్టిక్ సంచీలోంచి ఊదారంగు పట్టువస్త్రం తీసి, దులిపి, తలమీంచి వేసుకున్నాడు. కలరా ఉండల వాసన గుప్పుమంది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు చిట్లించారు. నేను మాత్రం పిట్టగోడ మీద కూలబడ్డాను. ఎనభై ఏళ్ళ మనిషి, ఎండదెబ్బ కాబోలనుకుని ఎవరో మజ్జిగ తెచ్చిచ్చారు. నేనూ కాదనలేదు. రిటైరైన బాప్టిస్టు పాస్టరు కతోలిక ఫాదరు బట్టల వాసనకి కదిలిపోయాడని తెలిస్తే మా సంఘం వాళ్ళు నన్ను బతకనివ్వరు.

అరవయ్యో దశకం చివర్లో తగులుకున్న వాసన అది. బొబ్బిలికి కాస్త అవతల, కతోలిక మిషన్ నడిపే బడిలో తెలుగు మేష్టరుగా చేరాను. మాది కోటబొమ్మాళి దగ్గర ఒక చిన్న బాప్టిస్టు సంఘం. మా నాన్న దానికి పాస్టరు. కొడుకు పోయిపోయి రోమా వాళ్ళ దగ్గర చేరడం ఆయనకి నచ్చలేదు గానీ, ఉద్యోగం ఇచ్చేవాడి మతం చూసే స్థితిలో మేం లేము. బడికీ గుడికీ కూడా పెద్ద ఫాదర్ అగస్తీన్. కేరళ నుంచి పడుచువాడుగా వచ్చి, ఇక్కడే తల నెరిసిన మనిషి. ఆయనకి తెలుగు నేర్పింది పండితులు కాదు, వరిచేలల్లో కూలీలు. దానిమీద మలయాళపు యాస ఒకటి. "ఏటి మేష్టారూ, బువ్వ తిన్నారేటి?" అని ఆయన అడిగితే మొదట్లో నవ్వాపుకోలేక చచ్చేవాణ్ణి. మలేరియా ఏటేటా చుట్టంలా వచ్చి, ఆయన దగ్గర ఉండి మరీ పోయేది. ఆదివారం బొబ్బిలి పక్కన ఒక పూజ, ఆపైన సైకిలెక్కి పల్లెల్లో మరి రెండు. సాయంత్రం తిరిగొచ్చి వరండాలో పడక్కుర్చీలో వాలిపోయేవారు. అలా కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు నిద్రపోతున్నారో ప్రార్థిస్తున్నారో ఎవరికీ తెలిసేది కాదు. అడిగితే "నాకూ తెల్దు" అనేవారు.

వానలు తగ్గాక పూజబట్టలన్నీ కలరా ఉండలు వేసిన పెట్టెలోంచి తీసి వరండాలో దండేనికి ఆరవేసేవారు. పండగలకి తెలుపు, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షులకి ఎరుపు, ఈస్టరు ముందు తపస్సుకాలానికి ఊదా, మామూలు ఆదివారాలకి పచ్చ, చావుకి నలుపు. మొదటిసారి చూసినప్పుడు నా నోరు ఊరుకోలేదు. "మా నాన్న చూస్తే పగటివేషగాళ్ళ సామాను అంటారండీ" అన్నాను. కోపం వస్తుందనుకున్నాను. ఆయన ఒక అంగీ ముడతలు సరిచేశారు.

"మీ నాన్న తప్పేటీ సెప్పనేదు" అన్నారు. "యేసవే ఇది. కాకపోతే పగటేసగాడు నన్ను సూడండర్రా అని కట్టుకుంటాడు. నేను నన్ను సూడొద్దని కట్టుకుంటన్నాను."

తర్వాత ఒక్కొక్కటీ చేత్తో తడుముతూ చెప్పారు. మెడచుట్టూ వేసుకునే తెల్లగుడ్డ శిరస్త్రాణానికి గుర్తు, దుష్టుడి దెబ్బ నుంచి కాపాడమని అడుగుతూ కట్టుకోవాలి. తెల్లని నిలువుటంగీ కడిగిన మనసుకి గుర్తు. నడుముకి తాడు నిగ్రహం కోసం. అన్నిటికీ పైన వేసే పట్టువస్త్రం క్రీస్తు కాడి, అది తేలికని ఆయనే అన్నాడు కాబట్టి బరువనకూడదు. "మే నెల్లో ఏసుకుంటే తెలుస్తాది ఎంత తేలికో" అని ఫాదర్ తనే నవ్వుకున్నారు. ఆఖర్ని ఎడమచేతికి వేలాడదీసుకునే చిన్న పట్టుగుడ్డ చూపించారు. ఒకప్పుడు అది చెమట తుడుచుకునే తువ్వాలట. పోనుపోను పట్టయింది, జరీ వచ్చింది, తుడుచుకోవడం మానేశారు. కట్టుకునేటప్పుడు చెప్పే ప్రార్థన మాత్రం మారలేదు: దుఃఖపు పన, కష్టపు పన మోసే యోగ్యత ఇయ్యి, కూలి సంతోషంగా పుచ్చుకుంటాను అని. కోతల రోజుల్లో తలమీద పనలు, అంటే కోసిన వరికట్టలు, మోస్తూ గట్లమీద నడిచే మనుషుల మధ్య బతికిన ఆయనకి ఆ ప్రార్థన అర్థం చెప్పనక్కర్లేకపోయింది. అయితే అప్పుడే పూజ లాటిన్ నుంచి తెలుగులోకి మారుతోంది, పైనుంచి కొత్త పద్ధతులు వస్తున్నాయి. ఆ చేతిగుడ్డ ఇక అక్కర్లేదన్నారు. ఆయన మారుమాట లేకుండా మడిచి పెట్టేశారు.

"గుడ్డ అక్కర్నేదన్నారు" అన్నారు. "సెమట అక్కర్నేదని ఎవులూ అన్లేదు."

బట్టల విషయంలో నేనూ ఊరికే ఉండే రకం కాదు. బైబిల్లో ప్రధాన యాజకుడు అహరోను వస్త్రాల అధ్యాయం నాన్న నాచేత చిన్నప్పుడే కంఠతా పట్టించారు. భుజాలమీద రాళ్ళలో ఇశ్రాయేలు గోత్రాల పేర్లు, రొమ్ముమీద పతకంలో మళ్ళీ అవే పేర్లు, అంగీ అంచున దానిమ్మపండ్లు, బంగారు గంటలు. అదంతా గడగడా ఒప్పజెప్పి, "యూదుల గుడి కూలిపోయాక అవన్నీ పోయాయి కదండీ, మళ్ళీ మీరెందుకు కుట్టించుకోవడం?" అన్నాను. ఫాదర్ పోలేదన్నారు. చదువుకునే రోజుల్లో ఆయన కొచ్చిలో యూదుల ప్రార్థనామందిరం చూశారట. ధర్మశాస్త్రం రాసిన తోలుచుట్టకి పట్టుగుడ్డ కప్పి, నెత్తిన కిరీటం పెట్టి, చిన్నచిన్న గంటలు కట్టారట. ఎత్తుకుని నడుస్తుంటే గలగలమన్నాయట. గుడి లేదు, బలి లేదు, ప్రధాన యాజకుడు లేడు. ఆ యాజకుడి సొగసంతా ఆ గ్రంథానికి తొడిగారు. యాజకుల వంశం వాళ్ళు ఇప్పటికీ దీవెన చెబుతారనీ, అప్పుడు తలమీంచి తెల్లని శాలువా కప్పేసుకుంటారనీ అక్కడి పెద్దాయన చెప్పాడట. ముఖాలు కనబడవు, దీవెన ఒక్కటే వినబడుతుంది. "సూసేరా మరి, ఆళ్ళూ అంతే" అన్నారు ఫాదర్.

ఈ బట్టల గొడవ నన్నంతగా ఎందుకు పట్టుకుందో చెప్పాలి. నాన్న గొంతు పోతోంది. ప్రసంగం సగంలోకి వచ్చేసరికి మాట గాలైపోయేది. సంఘం పెద్దలు వచ్చే క్రిస్మస్ నాటికి నన్ను ఆయన స్థానంలో నిలబెట్టాలని అనుకుంటున్నారు. నాన్న నోరు తెరిచి అడగలేదు, ఎదురుచూస్తున్నారు. అడిగితే కాదనొచ్చు, ఎదురుచూసేవాణ్ణి ఏం కాదంటాం? నాలో చూస్తే ఏమీ లేదు. మోకరిస్తే మోకాళ్ళ నొప్పి తెలిసేది తప్ప దేవుడు తెలిసేవాడు కాదు. విశ్వాసం లేనివాడు వేదికెక్కితే అది మోసం. ఎక్కకపోతే నాన్న అలా గాలితో మాట్లాడుతూనే చచ్చిపోతారు. ఈ రెంటి మధ్యా నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక ఆదివారం తెల్లారి ఫాదర్ కబురుపెట్టారు. జ్వరంతో చేతులు వణుకుతున్నాయి, గుడిపనివాడు ఊళ్ళో లేడు, కాస్త తాడు కట్టమన్నారు. అప్పటిదాకా ఆ బట్టలు నేను ముట్టుకోలేదు. ఒళ్ళు నిప్పులా కాలిపోతున్న మనిషికి అంగీ తొడిగాను, నడుముకి తాడు బిగించాను. ఆయన పెదాలు ప్రార్థనలు చెబుతూనే ఉన్నాయి. ఇవాళ మానేయమన్నాను.

"ఓపిక నేదని మానీమంటారేటి?" అన్నారు. "నాకు ఓపిక నేదు. ఈ బట్టకి ఉన్నాది. ఓపికొక్కటే కాదు మేష్టారూ. నమ్మకం నేని రోజులు నాకు లేవనుకున్నారేటి? అలాటి రోజున ఇవి తొడుక్కుని ఎల్లిపోతాను. గుడికొచ్చినోళ్ళు నాకోసం రానేదు కదా."

అప్పుడు నా మాట బయటపడింది, మొత్తం చెప్పేశాను. చివర్న కాస్త ఉక్రోషంగానే, "మీకు కప్పుకోవడానికి ఇన్ని ఉన్నాయి. మాకేమున్నాయండీ? మా నాన్న ఒక్క తెల్లచొక్కాతో నిలబడతారు" అన్నాను. అహరోను కూడా ప్రాయశ్చిత్త దినాన బంగారం, గంటలు అన్నీ విప్పేసి, ఉత్త నారబట్టలతోనే అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్ళేవాడని, అసలైన రోజున ఆడంబరం పనికిరాదని, నాన్న వాదన ఫాదర్‌కి ఒప్పజెప్పాను.

ఫాదర్ పట్టువస్త్రం చేతిలోకి తీసుకున్నారు. 

"నిజివే" అన్నారు. "కానీ ఆయన అలగ ఎల్లింది ఏడాదికి ఒక్క రోజు. మీ నాన్నగారు వారం వారం అలగే ఎల్తన్నారు. కప్పుకోడానికేటీ నేకండా. ఎన్నేళ్ళబట్టి ఎల్తన్నారు?"

నేను పుట్టకముందు నుంచీ అన్నాను.

"అలిసిపోరేటి మరి? మీకు నమ్మకం ఉందా నేదా అని మీరు సూసుకుంటన్నారు, బాగుంది. ఆయన్ని ఎవులైనా అడిగేరా?" అని, తల వంచి, వస్త్రం వేయమన్నట్టు నా ముందు నిలబడ్డారు. వేశాను. గుడిలోకి వెళ్ళారు. పూజ పూర్తిగా చెప్పారు.

తర్వాతి శనివారం ఆమదాలవలస దాకా బస్సులో, అక్కణ్ణించి పాసింజరులో ఇంటికి వెళ్ళాను. నాన్న నూతి దగ్గర గట్టుమీద కూచుని మర్నాటికి చొక్కా ఉతుక్కుంటున్నారు. పొందూరు ఖద్దరు చొక్కా, మెడ దగ్గర చిరుగు పట్టి ఉంది. అమ్మ పోయాక ఆ చొక్కా ఇంకెవరిచేతికీ ఇచ్చేవారు కాదు. నేను పక్కన కూచున్నాను. ఎన్నో అనుకుని వచ్చాను, ఒక్కటే వచ్చింది.

"నాన్నా, అలిసిపోయారా?"

ఆయన చొక్కా పిండడం ఆపి నా మొహంలోకి చూశారు. ఎగతాళి అనుకున్నారో ఏమో. కాదని తెలిశాక చూపు చొక్కా మీదికి దించుకున్నారు.

"అలుపు..." అన్నారు. "ఉన్నాదిరా. సానా ఉన్నాది."

చొక్కా నా చేతిలో పెట్టారు. లోపలికి వెళ్ళి బల్లమీద పడుకున్నారు. నేను ఆరేసి వచ్చేసరికి నిద్రపోయారు. సాయంత్రం ప్రార్థన కూటానికి జనం వచ్చి కూచున్నారు. రెండుసార్లు వెళ్ళి చూశాను, లేపబుద్ధి కాలేదు. నా ప్రయాణపు చొక్కా నలిగి, రైలు మసి పట్టి ఉంది. అలాగే వెళ్ళి నిలబడ్డాను. ఏం చెప్పానో గుర్తులేదు, బాగా మాత్రం చెప్పలేదు. అయ్యాక ముందు వరుసలో ముసలమ్మ ఒకామె అడిగింది: "మీ నాన్న రానేదేటి నాయినా?"

పడుకున్నారని చెప్పాను.

"పడుకోనీ" అంది. "ఆ మనిసి పడుకోగా మేవెప్పుడూ సూడనేదు."

అంతే, ఆ పాస్టరు పనిలో నలభై ఏళ్ళకి పైగా ఉండిపోయాను. ఫాదర్ అగస్తీన్‌ని తర్వాత కేరళకి పంపేశారు, అక్కడే పోయారని కబురొచ్చింది. మా సభల్లో కుర్రవాళ్ళు నన్ను సాక్ష్యం చెప్పమంటారు, దేవుడు మిమ్మల్ని ఎలా పిలిచాడు అని అడుగుతారు. వెలుగు, స్వరం, ఏదో ఒకటి ఉంటుందని ఆశ వాళ్ళకి. నాకు ఏ పిలుపూ వినిపించలేదు, మా నాన్న గురక వినిపించింది. విశ్వాసం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది, దాని రాకపోకలు అదే చూసుకుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు చిన్న పాస్టర్లు సాయంత్రం పూట మా వీధి అరుగుమీదికి వచ్చి, తలొంచుకుని, "అయ్యగారూ, నాలో ఏమీ మిగల్లేదండీ" అంటారు. వాళ్ళకి వాక్యం చెప్పను. లోపల మంచం వాల్చి, కాసేపు పడుకోమంటాను. ఆ పూట కూటం ఉంటే, చేతికర్ర తీసుకుని నేనే వెళ్తాను.