నీడ కావలివాళ్ళ గురించి అడిగిన అవ్వ

మా పక్కింటి అవ్వ పోయిన సోమవారం పొద్దున చనిపోయింది. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి నిజామాబాద్ వెళ్దామని నేను బోధన్ బస్టాండులో నిలబడి ఉన్నాను. ఆమె కోడలు ఫోన్ చేసి "అవ్వ పోయిందే" అని పెట్టేసింది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జనం "వయసైపోయింది పాపం" అనుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. వయసు కాదు. యాభై ఏళ్ళు బీడీల పనిలో తంబాకు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు. ఆ మాట పైకి అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

నేను బీడీలు చేస్తాను. తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. తర్వాత చదివిందంతా లైబ్రరీలో, ఫోనులో. ఎక్కువగా లేని లోకాల కథలు చదివాను. ఉన్న లోకం ఎలాంటిదో నాకు అవే అర్థం చేయించాయి. చివరికి నేనే ఒకటి రాయడం మొదలుపెట్టాను. అందులో ఒక నగరం ఉంటుంది. అక్కడ నీడంతా దొరలది. చెట్టు నీడ, గోడ నీడ, ఆఖరికి మబ్బు నీడ కూడా. మామూలు మనిషి నీడలో నిలబడాలంటే చీటీ కావాలి. చీటీ లేనివాళ్ళను ఎండలోకి తోసెయ్యడానికి కావలివాళ్ళు ఉంటారు.

మధ్యాహ్నాలు మా వాకిట్లో ఏడుగురు ఆడవాళ్ళం కూర్చుని బీడీలు చుడతాం. చేతులకే పని, చెవులు ఖాళీ. రాసింది చదివి వినిపించమని మొదట అడిగింది అవ్వే.

"నేను చదువుకుంట కూసుంటే నా బీడీలెవలు చేస్తరవ్వా?"

"మేం సచ్చినమా? నువ్వు చదువు."

అలా ఒక పద్ధతి మొదలైంది. నేను చదువుతున్నంతసేపూ ఆ ఆరుగురూ చేసిన ప్రతి పదో బీడీని నా చాటలో వేసేవారు. కథ చప్పగా ఉంటే అవ్వ వెయ్యదు. "ఇయ్యాల నీ కథ నీళ్ళసారు లెక్కున్నది పోరీ, పదోది గూడ నాకే" అని తన చాటలోనే వేసుకునేది. నేను రాసింది ఎలా ఉందో సాయంత్రం చాట చూసుకుంటే తెలిసిపోయేది.

ఆమెకు చదువు రాదు. కానీ ఆమె అడిగినట్టు ఇంకెవరూ అడగలేదు. "గా ఊర్ల బాలింత పిల్లకు పాలెక్కడిస్తదే? ఎండల్నా?" అని అడిగింది ఒకరోజు. నేను ఆలోచించలేదు. రెక్కల గుర్రాల గురించి మూడు పేజీలు రాశాను, బాలింత గురించి ఒక్క ముక్క లేదు. ఇంకో రోజు కత్తెర పక్కన పెట్టి మరీ అడిగింది.

"గా కావలోళ్ళు యాడ నిలబడ్తరు?"

"నీడ అంచుకు. బయట."

"అంటే ఆళ్ళు గూడ ఎండల్నే గద?"

"అవును."

"మరి ఆళ్ళు ఎవల దిక్కు?"

ఆ ఒక్క ప్రశ్నకు ముప్ఫై పేజీలు చింపేశాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మాకు ఆకూ తంబాకూ ఇచ్చి, చేసిన బీడీలు తీసుకునే ఏజెంటు సాయంత్రం వచ్చి కట్టలు విప్పి చూస్తాడు. వంకరవి తుంచి పారేస్తాడు. ఒకరోజు నావి సగం తుంచాడు. "చదువుకున్న దొరసాని బీడీలు గిట్లనే ఉంటయి" అని అందరి ముందూ నవ్వాడు. నాకు కోపం ఆగలేదు. మర్నాటికి కావలివాళ్ళ పెద్ద ఒకడు పుట్టాడు నా కథలో. అవే పాన్ పళ్ళు, వేలికి అదే తాళం చెవుల గుత్తి, మాటకు ముందు అదే "ఏందమ్మా, ఏందమ్మా". ఆ భాగం చివర్లో వాణ్ని సున్నపు గుంతలో పడేశాను. ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. తంబాకు చెదిరిపోయింది. అవ్వ నవ్వలేదు. ఆ రోజు ఆమె వైపు నుంచి నా చాటలో ఒక్క బీడీ పడలేదు.

"ఏమైందవ్వా? మంచిగ లేదా?"

"నిన్నటిదాంక గా ఊరంటే గుండెల దడ పుట్టేది బిడ్డా. ఇయ్యాల చిన్నగైంది. గీ ఒక్కడు పోతే అంత మంచిగైతదన్నట్టు రాసినవ్. ఒక్కన్ని దించితే ఒడిసేదైతే గది రాజ్యం గాదు, వాడకట్టు పంచాయితి."

"నీకేం తెలుసవ్వా కథల సంగతి?" అన్నాను. అన్నాను, అంతే. ఆమె ఇంకో బీడీకి దారం చుట్టింది.

నవ్వు దాగదు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఏజెంటు వచ్చాడు. ఎప్పుడూ ఆ వేళకు రాడు. చేతిలో ఆకు కట్టలు లేవు.

"ఏందమ్మా, నన్ను సున్నపు గుంతల ఏసిందెవలు? పేరు చెప్పేదాంక ఈ వాకిట్ల ఎవలకు ఆకు రాదు."

ఏడు ఇళ్ళ పొయ్యిలు ఆ ఆకు మీదే వెలుగుతాయి. నా నోటుబుక్కు నా తొడ కిందే ఉంది. ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. అందరూ నేల చూపులు. నా వైపు చూస్తే దొరికిపోతానని. బస్సులో కండక్టరు మీద అరుస్తాను, రేషన్ షాపులో డీలరు మీద అరుస్తాను. ఆ రోజు నోటుబుక్కు మీద ఇంకాస్త బరువు వేసి కూర్చున్నాను.

"నేనే సేటూ" అంది అవ్వ. "పొద్దు పోవాలె గద. నోటికొచ్చింది చెప్పిన."

"నువ్వా? నీకు గింత తెలివి యాడికెల్లి వచ్చిందే ముసల్దానా?"

"మా కమ్మర్‌పల్లిల పసుపు ఏరేటప్పుడు గింతకంటె పెద్దయే చెప్పుకున్నం. నువ్వు ఇనలే."

అతను ఆమె బీడీ కార్డు అడిగాడు. అది ఉంటేనే ఆకు. ఆమె లేచి లోపలికి వెళ్ళి తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం మా ఆరుగురికీ ఆకు వచ్చింది. ఆమెకు మళ్ళీ రాలేదు.

నేను నోరు విప్పలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

తర్వాత మా ఆకులోంచి తలా కొంత తీసి ఆమెకు పెట్టాం. ఆమె చేసినవి మా కట్టల్లో కలిపాం. నేను వెళ్ళి "ఎందుకట్ల చెప్పినవ్?" అని ఏడుస్తూ గొడవపడ్డాను. ఆమె "గాయన మొఖం సూసినవా?" అని మాత్రం అంది. "మనకంటె ఎక్కువ చెమటలు పట్టినయి. పైన ఎవలకో జవాబు చెప్పుకోవాలె గాయన. గది రాయి." ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. నాకు కోపం తెలుసు, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలుసు.

కథకు మొదట నేను పెట్టిన ముగింపులో తప్పిపోయిన యువరాజు తిరిగొచ్చి అందరికీ నీడ పంచుతాడు. అది విని ఆమె మూతి తిప్పింది. "ఇన్ని దినాలు ఎండల నిలబడ్డోళ్ళు రాజు కోసమే సూసిన్రా? ఇచ్చెటోడు వాడే అయితే రేపు గుంజుకునెటోడు గూడ వాడే." దాన్నీ చింపాను. కొత్తది సగం రాసేసరికి ఆమెను నిజామాబాద్ పెద్దాసుపత్రిలో వేశారు. మంచం పక్కన కూర్చుని ఆ సగం చదివాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. అయినా వేలు ఎత్తి నన్ను ఆపింది.

"కావలోడు... ఏం జేసిండు?"

"ఇంకా రాయలేదవ్వా."

"భయపడ్తున్నవ్" అంది. కళ్ళు మూసుకుంది. కథ రాయడం గురించి మాత్రమే అనలేదని నాకు తెలుసు.

తర్వాత డాక్టర్లు ఇక లాభం లేదని ఆమెను ఇంటికి పంపేశారు. ఆమె పోయిన నాలుగో రోజు ఏజెంటు రేకుల షెడ్డుకు ఆకు కోసం వెళ్ళాను. వరసలో నా వెనక పది మంది ఉన్నారు. అతను నా ఆకు తూకంలో పెడుతూ, "అవ్వ మంచిదే. నోరే జర ఎక్కువ. గా కథొకటి అల్లకపోతే ఆఖరిదాంక ఆకిచ్చెటోన్ని" అన్నాడు.

"సేటూ, గా కథ అవ్వది గాదు. నాది."

అతను తలెత్తాడు. చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. అరుస్తాడనుకున్నాను.

"మరి ముసల్ది తనదని ఎందుకన్నది?"

నేను సంచి తెరిచి పట్టుకున్నాను. అతను ఆకు తీసి నాకివ్వలేదు, వెనక్కీ పెట్టలేదు. తూకం ముల్లు ఊగి ఊగి నెమ్మదిస్తోంది. ఇక ఆగుతుందనగా బయట రోడ్డు మీద చెరుకు లారీ ఒకటి వెళ్ళింది. షెడ్డు రేకులు అదిరాయి, ముల్లు మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది.